బంగారం ధర కాదు, బడి సంగతి అడగండి

పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటే మనం మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ రోజుల్లో తులం బంగారం ఎంతుండేది?" అని. వంద రూపాయలకు అటూ ఇటూ అని వాళ్ళు చెప్తారు. మనం నోరెళ్ళబెడతాం. తర్వాత బియ్యం ధర, నెయ్యి ధర, సినిమా టికెట్టు ధర. ఆఖరున "ఆ రోజులే వేరులే" అని ఒక నిట్టూర్పు. అంతటితో వాళ్ళ చిన్నతనం ముచ్చట అయిపోతుంది. మనం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం.

కానీ ఆ ధరల వెనకాల ఒక పిల్ల ఉంటుంది కదండీ! పలకా బలపం పట్టుకుని తిరిగిన పిల్ల. ఆ పిల్లకు ఏమిష్టం, దేనికి ఏడ్చింది, పెద్దయ్యాక ఏం కావాలనుకుంది? ఇవి అడిగి చూడండి, చెప్పే కథే మారిపోతుంది. మా అత్తమ్మ విషయంలో నేను కళ్ళారా చూశాను.

అత్తమ్మది వరంగల్లే. 1946లో మట్టెవాడలో పుట్టారు. పెళ్ళయి హన్మకొండకు వచ్చారు. తన జీవితంలో చేసిన పెద్ద ప్రయాణం అదేనని నవ్వుతుంటారు. "ఊరు మారకుంటనే నాలుగు రాజ్యాలు చూసిన బిడ్డా" అంటారు. నిజమే మరి. పుట్టినప్పుడు నిజాం పాలన. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది. కొన్నేళ్ళు హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. గుమ్మంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారు, రాజ్యాలు మాత్రం మారిపోయాయి!

మిల్లు కూతతో తెల్లవారేది

అత్తమ్మ నాయన ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు. నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1934లో పెట్టిన బట్టల మిల్లు అది. నవాబు పెద్ద కొడుకు ఆజం జా పేరే దానికి పెట్టారు. వరంగల్ చుట్టుపక్కల పత్తి పండుతుంది, రైలు దారీ ఉంది, మిల్లుకు అంతకన్నా ఏం కావాలి! ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది ఆ మిల్లు వల్లే. ఇప్పుడా మిల్లు లేదు. మూతపడి ఏళ్ళయింది. ఆ జాగాల్లో ఇళ్ళు, రోడ్లు వచ్చేశాయి.

ఆ రోజుల్లో అందరి ఇళ్ళల్లో గడియారం ఎక్కడిది? మిల్లు కూతే గడియారం. కూత వినపడగానే అత్తమ్మ వాళ్ళమ్మ లేచి పొయ్యి ముట్టించేది. నాయన షిఫ్టును బట్టి ఇంట్లో వంట, నిద్ర, పిల్లల అల్లరి అన్నీ సర్దుకోవాల్సిందే. రాత్రి డ్యూటీ చేసి వచ్చి నాయన పడుకుంటే పగలంతా పిల్లలు గుసగుసగా మాట్లాడాలి. "మాకు చిన్నగ మాట్లాడుడు ఎవరు నేర్పలె, మిల్లే నేర్పింది" అంటారు అత్తమ్మ.

డ్యూటీకి కట్టిచ్చే తిండి సర్వపిండి. మా వరంగల్ వైపు ఆడవాళ్ళకు దీని గురించి చెప్పక్కర్లేదు. తెలియని అక్కచెల్లెళ్ళ కోసం చెప్తున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్ళతో కలిపి, నూనె రాసిన సర్వ లోపల అడుగుకూ అంచులకూ పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి వాటిల్లో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాలనిస్తారు. సర్వలో చేస్తారు గనక సర్వపిండి. కూర అక్కర్లేదు, చేతిలో పట్టుకుని తినొచ్చు, సాయంత్రం దాకా పాడవదు. అందుకే డ్యూటీకి పోయేవాళ్ళకు అది బాగా అక్కరకొచ్చేది. ఒకటి తీసి ఇంకొకటి ఒత్తాలంటే సర్వ చల్లారాలి. దాన్ని బాయి దగ్గరికి పట్టుకుపోయి బయటివైపు నీళ్ళు పోసి చల్లార్చుకు రావడం చిన్నపిల్ల పని. ఆ చిన్నపిల్ల మా అత్తమ్మే. కాలిన సర్వ మీద నీళ్ళు పడ్డప్పుడు వచ్చే చుయ్యిమనే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉందంటారు.

"ఏం బాగుండె బిడ్డా?"

ఇట్లా చెప్తుంటే ఎంత బాగుందో అనిపిస్తుంది మనకు. ఒకసారి మా ఆడపడుచు అనేసింది, "అబ్బ, ఆ రోజులే మంచిగుండె కదమ్మా" అని. అత్తమ్మ ఊరుకోలేదు.

"ఏం బాగుండె బిడ్డా? పొద్దుగాల లేస్తే బాయి కాడికి పోవుడు, నీళ్ళు చేదుడు, బిందెలు మోసుడు, వడ్లు దంచుడు, కట్టెల పొయ్యి ఊదుడు. కండ్లల్ల పొగ, చేతులకు బొబ్బలు. ఇప్పుడు నల్లా తిప్పితే నీళ్ళు, బటన్ ఒత్తితే రుబ్బుడు. నాకైతే ఇప్పుడే మంచిగున్నది" అన్నారు.

అత్తమ్మ కుడి భుజం మీద గుండ్రటి మచ్చ ఒకటుంది. మశూచి టీకా మచ్చ. టీకాలు వేసేవాళ్ళు వస్తున్నారంటే తల్లులు పిల్లల్ని గాదెల వెనకాల దాచేవాళ్ళట, జ్వరం వస్తుందని భయం. అత్తమ్మకు టీకా పడింది. ఆమె తర్వాత పుట్టిన తమ్ముడికి పడలేదు. వాడికి మూడో ఏట తల్లి పోసింది. వేపాకులు కట్టారు, మొక్కులు మొక్కారు, పిల్లాడు మాత్రం దక్కలేదు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మనం మరిచిపోయిన ఆ రోగాన్ని అత్తమ్మ ఇంతవరకూ మరిచిపోలేదు. మనవళ్ళకు, మనవరాళ్ళకు టీకాల తేదీ దాటిపోనివ్వరు. "ఇయ్యాల సూది ఉన్నది కదా" అని ముందు గుర్తుచేసేది ఆమే.

కాబట్టి పాత రోజులన్నీ తేనె, కొత్త రోజులన్నీ చేదు అనే లెక్క మా ఇంట్లో చెల్లదు.

తొమ్మిది రోజుల స్వేచ్ఛ

మరి ఏది బాగుండేదత్తమ్మా అని అడిగితే, ఆలోచించకుండా చెప్పే మాట ఒక్కటే... బతుకమ్మ!

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. తెల్లవారకముందే పిల్లలంతా గుంపుగా ఖిలా వరంగల్ వైపు పోయేవాళ్ళట, తంగేడు పువ్వు కోసం, గునుగు కోసం. కాకతీయుల కోట రాళ్ళ మధ్య, తోరణాల పక్కన పచ్చగా పూసిన తంగేడు. అప్పుడు ఆ తోరణం ఒక రోజు రాష్ట్ర చిహ్నంలో కూర్చుంటుందని, తంగేడు రాష్ట్ర పుష్పం అవుతుందని ఎవరికి తెలుసు! ఇంటికి తెచ్చిన గునుగు పువ్వును కట్టలు కట్టి, రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం, తాంబాళంలో గుమ్మడాకు పరిచి వరసలు వరసలుగా పేర్చడం, పైన పసుపు గౌరమ్మను నిలపడం... ఇవన్నీ మనకూ తెలిసినవే. 2014 నుంచి అది రాష్ట్ర పండుగ కూడా అయింది.

కానీ అత్తమ్మ చెప్పిన ఒక మాట నేనెక్కడా చదవలేదు. "ఆ తొమ్మిది రోజులు ఆడపిల్ల మాపటీలి బయటికి పోతే ఎక్కడికి పోతున్నవే అని ఎవలు అడగకపోయేది. మిగిలిన రోజులన్ని అడిగేటోళ్ళే."

చూశారా! పండుగ అంత తియ్యగా ఎందుకు గుర్తుందో ఇప్పుడు తెలిసింది. పూలు బాగుండడం వల్లా, మలీద ముద్దలు బాగుండడం వల్లా మాత్రమే కాదు. ఏడాదిలో మిగతా రోజులన్నీ గడప లోపల ఉన్న పిల్లలకు ఆ తొమ్మిది సాయంత్రాలు ఊరు తమది అయ్యేది. చెరువుగట్టు తమది, చప్పట్లు తమవి, గొంతెత్తి పాడడం తమది.

సంక్రాంతి ముందు సకినాలు కూడా అంతే. బియ్యం నానబెట్టి, దంచి, జల్లించి, నువ్వులూ వామూ కలిపి, పిండి సిద్ధం చేశాక వాడకట్టు ఆడవాళ్ళంతా ఒకరింటికి ఒకరు పోయేవాళ్ళు. ఇవాళ మీ ఇల్లు, రేపు మా ఇల్లు. తెల్లబట్ట పరిచి చుట్టూ కూర్చుని వేళ్ళతో చుట్లు తిప్పుతుంటే, పిండితోపాటు ఎవరింట్లో కష్టం వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు సకినాలు కిలోల లెక్కన షాపుల్లో దొరుకుతున్నాయి. రుచికి లోటు లేదు. కష్టం చెప్పుకునే చోటు మాత్రం షాపులో దొరకదు.

లెక్కల పిల్ల

ఇవన్నీ ఏళ్ళుగా వింటున్నవే. కొత్త సంగతి బయటపెట్టింది మా అమ్మాయి. ఒకరోజు చిక్కుడుకాయలు గిల్లుతూ, "నానమ్మా, బడిలో నీకేమిష్టం ఉండె?" అని అడిగింది. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. "లెక్కలు" అన్నారు.

ఆ రోజు మొదలైన ముచ్చట రెండు మూడు వారాలు సాగింది.

నిజాం రాజ్యంలో హాలి సిక్కా అని వేరే రూపాయి ఉండేది. బయట నడిచే ఇండియా రూపాయిని కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలి రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. 1948 తర్వాత కూడా కొన్నేళ్ళ దాకా హాలి చెలామణిలో ఉంది. పెద్దవాళ్ళ మాటల్లో అయితే ఇంకా చాలా రోజులు నడిచింది. నాయన రాత్రిపూట కందీలు ముందు కూర్చోబెట్టి, "పద్నాలుగు హాలికి ఎన్ని కల్దార్లు? ముప్ఫై అయిదుకు ఎన్ని?" అని అడిగేవారట. అన్నయ్య వేళ్ళు లెక్కపెట్టుకునేలోగా అత్తమ్మ పన్నెండు, ముప్ఫై అని చెప్పేసేవారు.

అన్నయ్య చదువు ముచ్చట కూడా ఉంది. ఆయన బడిలో చేరినప్పుడు చదువంతా ఉర్దూలో. పోలీస్ యాక్షన్ తర్వాత బళ్ళు తెలుగులోకి మారాయి. పాపం ఆయన అలీఫ్ బే నుంచి మళ్ళీ అ ఆలకు వచ్చారు. అత్తమ్మకు ఆ బాధ లేదు, మొదటి నుంచీ తెలుగే. ఇద్దరూ ఒకే కందీలు కింద చదివేవాళ్ళు.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు. ఇప్పుడు వంద పైసలు. అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు పాతిక. నాలుగు ఆర్లు ఇరవైనాలుగు కదా, పాతిక ఎట్లా అయింది? ఒక్క రూపాయిని పదహారు భాగాలు చేస్తే అణాకు ఆరుంపావు పైసలు వస్తాయి గనక. ఇది వాడకట్టులో చాలామందికి అంతుపట్టలేదు. పదకొండేళ్ళ అత్తమ్మకు పట్టింది. కూరగాయలు కొన్నాక చిల్లర సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి పక్కింటి పెద్దమ్మలు ఈ పిల్లను పిలుచుకుపోయేవాళ్ళు. "నన్ను లెక్కల పిల్ల అనేటోళ్ళు" అని చెప్పేటప్పుడు అత్తమ్మ మొహం చూడాలి మీరు!

పెద్దయితే లెక్కల టీచరమ్మ కావాలనుకున్నారట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గోడకు సుద్దముక్కతో రాసి పక్కింటి చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పేవారు.

1959 దసరా

1959 మా ఊరికి గొప్ప సంవత్సరం. కాకతీయ మెడికల్ కాలేజీ ఆ ఏడే మొదలైంది. అక్టోబర్ 10న ప్రధానమంత్రి నెహ్రూగారు వచ్చి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేశారు. ఇప్పుడు మనం ఎన్.ఐ.టి. అంటున్నది దాన్నే. అవి బతుకమ్మ రోజులు. నెహ్రూను చూడ్డానికి అన్నయ్య స్నేహితులతో కలిసి పోయి వచ్చి, ఆ జనాన్ని గురించి రాత్రంతా చెప్పాడట.

అత్తమ్మ అప్పుడు ఎనిమిదో తరగతి. పదమూడేళ్ళు. దసరా సెలవుల్లోనే పెద్దమనిషి అయ్యారు. సెలవులయ్యాక బడి తెరిచారు. అత్తమ్మ మాత్రం పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు, పోవద్దని కూడా ఎవరూ అనలేదట. పుస్తకాల సంచీ మేకుకు వేలాడుతూనే ఉంది. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు ఎవరో తీసి అటక మీద పెట్టారు.

"ఊరికి ఇంజనీర్ల కాలేజీ వచ్చింది, డాక్టర్ల కాలేజీ వచ్చింది. నా బడి బందయింది" అన్నారు అత్తమ్మ. ఏడవలేదు. చిక్కుడుకాయలు గిల్లినంత మామూలుగా అన్నారు.

మా అమ్మాయికి కోపం వచ్చింది. "మీ అమ్మ ఏమనలేదా నానమ్మా?" అంది. "మా అమ్మను తప్పుపట్టకు బిడ్డా. ఆమెకు బడంటేనే తెల్వది. తెల్వనిదాని కోసం ఎట్ల కొట్లాడుతది?" అన్నారు.

ఆ మాట సత్యం. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వందమంది ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది కూడా లేరు. 2011 లెక్కలకు ఆ సంఖ్య 65 దాటింది. ఇక పెళ్ళి విషయానికొస్తే 1978 దాకా ఆడపిల్లకు చట్టం చెప్పిన వయసు పదిహేనే. అత్తమ్మ పెళ్ళి 1961లో, సరిగ్గా పదిహేనో ఏట జరిగింది. అంటే చట్టం లెక్కన తప్పేమీ లేదు!

పెళ్ళయినా లెక్కలు మాత్రం ఆమెను వదల్లేదు. ఇంటి పద్దు ఆమెదే. పాలు, బియ్యం, కిరోసిన్, పిల్లల ఫీజులు, చీటీ డబ్బులు అన్నీ పొడుగు పుస్తకాల్లో, గుండ్రటి అక్షరాలతో. సందుకలో అడుగున ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత కనబడదు.

మూడు తరాల లెక్క

పోయిన ఏడాది మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సంబంధం వచ్చింది. మంచివాళ్ళు, కట్నం ఊసెత్తలేదు, ఊళ్ళోనే ఇల్లు. బంధువులంతా ఒక్కటే మాట, ఇంత మంచి సంబంధం మళ్ళీ రాదని. మా ఇంట్లోనూ మనసులు కొంచెం అటువైపు మొగ్గాయి. ఇంటర్‌తో చదువాపి పెళ్ళి చేసుకున్న నేను సుఖంగానే ఉన్నాను కదా అని నన్నే చూపించారు కొందరు.

ముందు గదిలో ఈ మాటలు నడుస్తుంటే అత్తమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడ్డారు. "పిల్లకు ఏమిష్టమో అడిగిండ్రా ఎవలన్న? నన్నైతే అడగలె. అరవై ఏండ్లకు ఈ పిల్ల అడిగింది" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా చాయ్ కప్పుల్లోకి చూసుకున్నారు. డిగ్రీ అయ్యేదాకా పెళ్ళి మాట వద్దని మావారు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేశారు. అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. మ్యాథ్స్ చదువుతోంది.

బంగారం ధర మాత్రమే అడిగి ఉంటే ఆ మాట ఆ రోజు మా ఇంట్లో పుట్టేదే కాదు.

అందుకే ఈ పేజీలు చదివే అక్కలకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మీ ఇంట్లోనూ అమ్మో, అత్తమ్మో, అమ్మమ్మో ఉండే ఉంటారు. చేతులు పనిలో ఉన్నప్పుడు అడగండి, కూర తరుగుతున్నప్పుడు, వత్తులు చేస్తున్నప్పుడు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పమంటే వాళ్ళకు ఏమీ గుర్తురాదు. ధరలు అడగకండి. బడి ఎట్లా ఉండేది, ఎందుకు ఆగింది? స్నేహితురాలి పేరేమిటి, ఆమె ఇప్పుడెక్కడుంది? మొదటిసారి ఒంటరిగా ఎక్కడికి వెళ్ళారు? ఏం కావాలనుకున్నారు? ఇవి అడగండి. చెప్పింది ఒక నోటుబుక్కులో రాసుకోండి. వంటకాలైతే సోలెడు, మానెడు అన్న కొలతలతోనే రాసి, పక్కన మీ గ్లాసు లెక్క వేసుకోండి.

ఇంకొకటి. వాళ్ళ మాటను దిద్దకండి. "బందయింది" అంటే "ఆగిపోయింది" అని మార్చి రాయొద్దు. మన కాళోజీ నారాయణరావుగారు జనం మాట్లాడే భాషే భాష అని జీవితమంతా వాదించారు. 1914లో సెప్టెంబర్ 9న పుట్టిన ఆయన జయంతినే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ గౌరవం మన ఇంట్లో ముసలమ్మ మాటకు కూడా ఇద్దాం.

ఆలస్యం మాత్రం చేయొద్దు. ఈ మధ్య అత్తమ్మ పేర్లు మరిచిపోతున్నారు. పక్కింటి వాళ్ళ పేరు, పాలబ్బాయి పేరు గుర్తుకు రావడం లేదు. లెక్కలు మాత్రం ఇంకా తప్పడం లేదు. మొన్న మా అమ్మాయి సరదాగా "నానమ్మా, నలభై రెండు హాలికి ఎన్ని కల్దార్లు?" అంది. "ముప్ఫై ఆరు" అన్నారు వెంటనే.

అడగడానికి ఖర్చేమీ లేదు. ఒక పూట సీరియల్ మానుకుంటే చాలు.